కాశీలో ఠండాయి: ఎవరికి ఎంత?

గోదౌలియా చౌరస్తా నుంచి దశాశ్వమేధ ఘాట్ వైపు నడుస్తుంటే, సాయంత్రం నాలుగు దాటాక ఠండాయి దుకాణాల ముందు జనం మూగుతారు. దుకాణమంటే పెద్ద గదేం కాదు. ఒక అరుగు, దాని మీద పాల బిందెలు, మంచుగడ్డలు వేసిన తొట్టి, వడకట్టే గుడ్డ, వెనక గోడకి శివుడి పటం. బల్ల మీద ఓ పక్కన తడిగుడ్డ కప్పిన గిన్నె. అందులో ముదురాకుపచ్చ ముద్ద. గ్లాసు అడిగినవాళ్లని దుకాణదారు ముందు అడిగేది ఒకటే: "సాదానా, భంగుతోనా?" భంగుతో అంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఎంత?"

కాశీకి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది మొదటి ప్రశ్నకి జవాబు ఇంటిదగ్గరే అనుకుని వస్తారు. రెండోదానికి మాత్రం తడబడతారు. "మామూలుగా" అంటారు. కొత్తవాడికి మామూలంటే ఎంతో ఆ దుకాణదారుకీ తెలియదు, అడిగినవాడికీ తెలియదు.

ఈసారి మేం వెళ్లింది శివరాత్రికి కాస్త ముందు. అక్కా బావా తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలన్న మొక్కు తీర్చుకోడానికి బయలుదేరారు. మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు సెలవు పెట్టి వచ్చి మాతో కలిశాడు. మానసరోవర్ ఘాట్‌కి దగ్గర్లో తెలుగు సత్రంలో దిగాం. ఆ వీధుల్లో కేదారఘాట్ దాకా తెలుగు బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. పడవవాళ్లూ, పూలమ్మేవాళ్లూ "రండమ్మా, రండి సార్" అని పిలుస్తారు. ఏ గదిలో చూసినా రాజమండ్రివాళ్లో, ఖమ్మంవాళ్లో. పొద్దున్నే గంగస్నానం, దర్శనం, మధ్యాహ్నం భోజనం అయ్యాక అందరిదీ ఒకటే కబురు: సాయంత్రం గోదౌలియా వెళ్లి ఠండాయి తాగాలని.

ముందు ఠండాయి గురించి చెప్పాలి. భంగు లేకుండానే అది గొప్ప పానీయం. బాదంపప్పు, గసగసాలు, పుచ్చగింజల పప్పు, సోంపు, మిరియాలు, యాలకులు, గులాబీ రేకులు నానబెట్టి, మెత్తగా నూరి, పంచదార వేసిన చల్లటి పాలలో కలిపి పలచటి గుడ్డలో వడకడతారు. పైన కాస్త కుంకుమపువ్వు, మీగడ. మొదటి గుక్కలో చలవ, రెండో గుక్కలో మిరియం గొంతు దగ్గర పలకరిస్తుంది. అక్క అరుగు దగ్గరే నిలబడి ఏది ఎంత వేస్తారో, ఏది ముందు నూరతారో అడిగి రాసుకుంది. బావకి రక్తపోటు ఉంది, రెండు రకాల మాత్రలు వేసుకుంటాడు. ఆయన సాదా గ్లాసు తాగి, "దీనిలో ఇంకోటి కలపాల్సిన అవసరమేముందిరా?" అన్నాడు. ఆయన విషయంలో అది సరైన మాట. భంగు గుండె వేగాన్ని పెంచుతుంది. కూర్చున్నవాడు లేచేసరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లూ, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లూ ఎంత అని ఆలోచించనక్కర్లేదు. వాళ్ల కోసం సాదా ఠండాయి ఉంది.

భంగు అంటే గంజాయి మొక్క ఆకు. ఆకుని ఎన్నోసార్లు నీళ్లు మార్చి కడిగి, ఉడికించి, పిండి, మిరియాలు వేసి రాతి మీద నూరతారు. ఆ ముద్దని గోళీలు చేసి అమ్ముతారు, లేదా ఠండాయిలో కలుపుతారు. పాలూ బాదమూ రుచికి మాత్రమే కాదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పచ్చి ఆకులో అది ఇంకా మత్తునిచ్చే రూపంలో ఉండదు, వేడి తగిలాకే మారుతుంది. అంటే ఆకు ఎంత ఎండిందో, ఎంతసేపు ఉడికిందో, పాలు ఎంత చిక్కనో, వీటిని బట్టి ఒకే సైజు గోళీ ఒకచోట మెత్తగా, ఇంకోచోట గట్టిగా పనిచేస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకే పచ్చదనం.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అంటే మొక్క పూత, కాయల కొసలనీ, చరస్ అంటే దాని జిగురునీ నిషేధించింది. కొసలు కలవని ఉత్త ఆకునీ, గింజల్నీ ఆ నిర్వచనంలోంచి మినహాయించింది. ఆకు సంగతి రాష్ట్రాలకి మిగిలింది. ఉత్తరప్రదేశ్‌లో ఎక్సైజు శాఖ మద్యం దుకాణాలకి ఇచ్చినట్టే భంగు దుకాణాలకీ లైసెన్సులిస్తుంది. గోడ మీద 'సర్కారీ భాంగ్ కీ దుకాన్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అస్సాంలో మాత్రం 1958 నుంచీ భంగు నిషేధం. మహారాష్ట్రలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. కాబట్టి కాశీలో కొన్న గోళీని పొట్లం కట్టించుకుని రైల్లో ఇంటికి తేవాలన్న ఆలోచన పొరపాటున కూడా వద్దు. దారిలో ఎన్ని రాష్ట్రాలు దాటితే అన్ని చట్టాలు దాటాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ గంజాయి మీద పోలీసులు ఎంత గట్టిగా ఉన్నారో తెలిసిందే.

మేనల్లుడికీ నాకూ ఈ విషయంలో నిజమైన పాఠం చెప్పినవాడు గంగకి అవతలి ఒడ్డున కలిశాడు. బనారసీవాళ్లకి 'బహరీ అలంగ్' అని ఒక అలవాటుంది. ఊరి రద్దీ వదిలి ఇసుకతిన్నెల వైపు వెళ్లి, అక్కడే కాలకృత్యాలు తీర్చుకుని, బట్టలుతుక్కుని, కసరత్తు చేసి, భంగు నూరుకుని తాగి, స్నానం చేసి నింపాదిగా తిరిగిరావడం. ఇప్పుడు తగ్గిందంటారు, కానీ పోలేదు. పడవ దిగేసరికి నలుగురైదుగురు పెద్దవాళ్లు సన్నికల్లు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయనకి డెబ్బై దాటి ఉంటాయి, భుజాలింకా పహిల్వాన్ భుజాలే. "ఆయియే గురూ" అని చోటిచ్చాడు. ఊళ్లో ఒకరినొకరు పిలుచుకునే పిలుపే అది.

నేను ఆయన్ని అడిగింది ఒకటే: ఎవరికెంత అని మీరు ఎలా తేలుస్తారు?

ఆయన నూరడం ఆపి ముందు మేనల్లుడిని పైనుంచి కిందికి చూశాడు. "ఎప్పుడైనా తాగావా? తిని ఎంతసేపయింది? ఈ రాత్రి ఎక్కడికైనా వెళ్లాలా?" అని వరసగా అడిగాడు. ఆ తర్వాత చెప్పిన లెక్క గింజల లెక్క. కొత్తవాడికి మిరియపు గింజంత. ఏడాదికోసారి హోలీకో శివరాత్రికో తాగేవాడికి శనగగింజంత. రోజూ తాగేవాళ్లు రేగుపండంత వేసుకుంటారు, కానీ వాళ్లని చూసి ఎవరూ కొలత నేర్చుకోకూడదు. తను ముప్పై ఏళ్లుగా ఒకే దుకాణంలో ఆకు కొంటున్నాడు. దుకాణం మూసి ఉంటే ఆ రోజు తాగడు, ఇంకో దుకాణానికి వెళ్లడు. కొత్త ఆకు వస్తే మొదటిరోజు సగమే. పడవ నడిపే రోజు అసలు లేదు. మందు తాగినవాడికి ఇవ్వడు. ఇరవై దాటని పిల్లలకి, సొంత మనవడైనా సరే, ఇవ్వడు. "ఇంట్లో ఏడుపు ఉన్న రోజు కూడా తాగకూడదు" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మనసులో ఉన్నదాన్నే భంగు పెద్దది చేస్తుందని ఆయన అనుభవం.

ఈ లెక్క అంతా ఆయనకి సరిగ్గా సరిపోయే లెక్క. ఆయన ఆకు ఆయనకి తెలుసు, దుకాణం తెలుసు, ఒళ్లు తెలుసు, తాగాక ఏమీ చేయనక్కర్లేనంత తీరిక ఆయన చేతిలో ఉంది. యాత్రికుడికి వీటిలో ఒక్కటీ ఉండదు. సాయంత్రం హారతి, పొద్దున నాలుగుకి దర్శనం లైను, పదింటికి గయ బస్సు. ఆ తొందరలో గ్లాసు ఒక్కటే దొరుకుతుంది.

మా సత్రంలోనే దాని ఫలితం చూశాం. టూరు బస్సులో వచ్చిన పాతికేళ్ల కుర్రాడొకడు స్నేహితులతో కలిసి చౌరస్తాలో భంగు ఠండాయి తాగాడు. అరగంట గడిచినా ఏమీ తెలియలేదు. "ఇది ఉత్త పాలేరా" అని రెండో గ్లాసు తాగాడు. గంటన్నర తర్వాత రెండూ కలిసి ఎక్కాయి. మెట్ల మీద కూర్చుని గుండె ఆగిపోతోందని, గంట క్రితం అన్న మాటే మళ్లీ మళ్లీ అంటూ వణికిపోయాడు. ఎవరో నిమ్మకాయ పిండారు, ఎవరో ఆవకాయ తినిపించారు, ఇంకెవరో తలమీద చన్నీళ్లు పోశారు. అక్క వాళ్లందర్నీ పక్కకి పంపి, వాడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "ఏం కాదు నాన్నా, ఇది దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నా" అని తెల్లవారుజాము దాకా చెబుతూనే ఉంది. అదే పనిచేసింది. పక్క గదిలోని నర్సమ్మ మధ్యమధ్య నాడి చూసింది. ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, లేపినా లేవకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, తాగింది ఏమిటో డాక్టరుకి దాచకూడదని ఆమె ఆ కుర్రాడి స్నేహితులకి గట్టిగా చెప్పింది.

అక్కడ జరిగింది ఒంటి తీరు తెలిస్తే సులువుగా అర్థమవుతుంది. పొగ అయితే నిమిషాల్లో తెలుస్తుంది. తాగినది, తిన్నది మాత్రం పొట్టలోంచి కాలేయానికి వెళ్లి, అక్కడ ఇంకా గట్టి రూపంలోకి మారి, అప్పుడు మెదడుకి చేరుతుంది. దీనికి అరగంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. ఎక్కాక ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. రెండో గ్లాసుకి చెయ్యి చాచే సమయానికి మొదటి గ్లాసు ఇంకా దారిలోనే ఉంటుంది. భంగుతో ఇబ్బంది పడ్డ కొత్తవాళ్లని కదిలిస్తే ఎక్కువగా వినిపించేది ఈ రెండో గ్లాసు సంగతే.

మర్నాడు మేనల్లుడు ఈ మాటే ఎత్తాడు. "మామయ్యా, మా ఊళ్లో అయితే వాడికి ఇలా అయ్యేది కాదు, డబ్బా మీద రాసుంటుంది" అన్నాడు. వాడుండే మిన్నెసోటా రాష్ట్రం 2022 జులై నుంచి హెంప్ అనే గంజాయి రకంలోంచి తీసిన టీహెచ్‌సీ కలిపిన పానీయాలని 21 ఏళ్లు నిండినవాళ్లకి అమ్మనిచ్చింది. ఒక్కసారికి 5 మిల్లీగ్రాములకి మించకూడదని హద్దు. బీరు తయారుచేసే చిన్న కంపెనీలు చాలా వరకు ఆ దారి పట్టాయి. ఆఫీసు అయ్యాక బీరు మానేసినవాళ్లు రెండు మిల్లీగ్రాముల నిమ్మసోడా డబ్బా తాగుతారట. అలవాటున్నవాళ్లు ఐదు, బాగా అలవాటైనవాళ్లు పది. వాటిలో టీహెచ్‌సీ ఉన్న నూనెని చాలా చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలుపుతారు కాబట్టి పావుగంట, ఇరవై నిమిషాల్లోనే తెలిసిపోతుందట. కెనడాలో 2019లో ఇలాంటి పదార్థాలు చట్టబద్ధమైనప్పుడు ప్యాకెట్టు మొత్తానికి 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. కొత్తవాళ్లు రెండున్నర మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువతో మొదలుపెట్టాలని అక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. మిన్నెసోటా వ్యవహారం కూడా స్థిరం కాదులెండి. 2025 నవంబరులో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం, ఏడాది గడువిచ్చి, ఇలాంటి హెంప్ డబ్బాలో టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదంది. అది అమలైతే ఇప్పుడున్న డబ్బాలు చాలా వరకు పోతాయి.

వాడి మాటలో నిజం ఉంది. కానీ ఇసుకతిన్నె మీది పెద్దాయన అడిగిన మూడు ప్రశ్నలు ఏ డబ్బా మీదా ఉండవు. అంకె ఎంత మత్తుందో చెబుతుంది, ఆ రోజు అది నీకు తగునో కాదో చెప్పదు. రెండూ కావాలి.

నేనూ తాగాను. దర్శనాలు, కర్మలు అన్నీ పూర్తయి, మర్నాడు ఏ పనీ లేని సాయంత్రం చూసుకుని, భోజనం చేసి, ఆ పెద్దాయన చెప్పిన మిరియపు గింజంత గోళీని సాదా ఠండాయిలో కలుపుకుని సత్రం డాబా మీద కూర్చున్నా. బావ పక్కనే ఉన్నాడు. గంట దాటాక నోరు ఎండింది, గంగ మీంచి వచ్చే గంటల మోత కాస్త దగ్గరైనట్టనిపించింది, ఆకలి మళ్లీ వేసింది. మాటలు నెమ్మదించాయి. అంతే. గొప్ప దర్శనాలేవీ లేవు, భయమూ లేదు. ఒళ్లు తేలికై నిద్ర పట్టింది, పొద్దున తల కాస్త మందంగా ఉంది. అరవై దాటిన నా వయసుకి అంతకన్నా అక్కర్లేదనిపించింది. మళ్లీ తాగాలనీ అనిపించలేదు.

మేనల్లుడు తాగలేదు. వాడి కారణం వేరు. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో విమానం మారాలి. టీహెచ్‌సీ ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి, రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి ఉంటాయి. గల్ఫ్ దేశాల చట్టాలు ఎంత కఠినమో జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఇళ్లల్లో చెప్పనక్కర్లేదు. గల్ఫ్ పనికి మెడికల్ టెస్టు ఉన్నవాడు, బస్సు, లారీ, క్రేను నడిపేవాడు కాశీలో సాదాతోనే సరిపెట్టుకోవడం మంచిది. కడుపుతో ఉన్నవాళ్లూ, పసిబిడ్డకి పాలిచ్చే తల్లులూ అసలు ముట్టకూడదు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బు ఉంటే ఆ ఇంటి పిల్లలకి ఇది ప్రమాదం. చదువుకునే వయసు పిల్లలకి "పండగే కదా, ప్రసాదమే కదా" అంటూ పెద్దవాళ్లే చేతికి ఇవ్వడం నేను శివరాత్రి గుంపులో చూశాను. మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన ఆకు గుణం మారదు.

భంగుని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసి, వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించింది. మితంగా తాగితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా తాగితే ఉంది, పూర్తి నిషేధం సరికాదు అని తేల్చింది. మన కాలంలో ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం ఏడాదిలో ఒక్కసారైనా భంగు తీసుకున్నవాళ్లు దేశంలో రెండు కోట్లకి పైనే. అంతమంది తాగే పదార్థం మీద ఒక్క అంకె లేకపోవడమే నా బాధ. దగ్గు మందు సీసా మీద ఏది ఎంతుందో ఉంటుంది. బీరు సీసా మీద శాతం ఉంటుంది. ప్రభుత్వమే లైసెన్సిచ్చి అమ్మించే భంగు గోళీ మీద మాత్రం ఏమీ ఉండదు.

ఉత్తరప్రదేశ్ ఎక్సైజు శాఖ చేయాల్సింది పెద్ద పనేం కాదు. లైసెన్సు దుకాణాలకి వెళ్లే ముద్దని పరీక్ష చేయించి, గోళీకి ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉందో పొట్లం మీద వేయించాలి. 'రెండు గంటలు ఆగండి, రెండోది వద్దు' అని హిందీతో పాటు తెలుగులో, తమిళంలో, బెంగాలీలో బోర్డు పెట్టించాలి. ఠండాయి దుకాణాల వాళ్లు యాత్రికుడి వయసూ, ప్రయాణమూ అడిగి మరీ కలపాలి.

అది జరిగేదాకా కాశీకి మొదటిసారి వెళ్లేవాళ్లకి నా మాట ఇదే. గోదౌలియాలో సాదా ఠండాయి అడగండి, తృప్తిగా రెండు గ్లాసులు తాగండి. భంగు రుచి చూడాలని నిజంగా అనిపిస్తే యాత్ర పనులన్నీ ముగిశాక, కడుపు నిండా తిని, తాగని మనిషిని ఒకరిని తోడు పెట్టుకుని, లైసెన్సు దుకాణంలో కొన్నది మిరియపు గింజంత మాత్రమే వేసుకోండి. ఆ రాత్రికి ఇంక రెండోసారి వద్దు.